అందము – అక్షరము



మా అత్తగారు పాడెడి పెండ్లిపాటలు మరుగుపడరాదని వానిని వ్రాసికొని, 2023వ సంవత్సరమున నొక వెబ్‌సైటు నిర్మించితిని. సొగసునందలి మక్కువచే ప్రతిపాటను లతలనడుమ ముత్యములవంటి యక్షరములతో దిద్ది, చిత్రముగా నుంచితిని. చూచినవారెల్లరు మెచ్చిరి.

ఒకనాడు అమెరికాలోనున్న మా ఆడుబిడ్డ, తన కుమార్తె పెండ్లికై తల్లి పాటను గూగులులో వెదకెను. వెబ్‌సైటు పేరామెకు జ్ఞప్తి లేదు. పాట మొదటి మాటలు వ్రాసినను ఏమియు కానరాలేదట! ఆ మాట విని అత్తగారు చిన్నబోయిరి.

మా వారు కారణము తెలిపిరి. శోధనయంత్రము పంపెడి క్రాలరు లంకెనుండి లంకెకు బోవుచు, పుటలోని వ్రాతను చదివి సూచికలో జేర్చునట. చిత్రములో గీసిన యక్షరములను నమ్ముకొనరాదు. చిత్రమునకు ‘ఆల్ట్’ అను వివరణము వ్రాసినచో క్రాలరు గ్రహించును. చూపులేనివారికి స్క్రీన్ రీడరు దానినే చదివి వినిపించును.

శబ్దమే లేనిచోట అలంకారమెక్కడిది? బాల్యమున నేర్చిన యీ పాఠమునే మఱచితిని గదా యని సిగ్గుపడితిని. పాటలన్నింటిని యూనికోడు తెలుగులో మరల వ్రాసి, ప్రతిపుటకు వేరువేరు శీర్షిక లిచ్చి, లతలను అంచులకు మాత్రమే దిద్దితిని. అందమేమియు తగ్గలేదు. పెండ్లికి ముందే ఆ పాట మా ఆడుబిడ్డకు వెదకినంతనే దొరకెను.

ముగ్గు వాకిటికి శోభ కావలెను గాని, తలుపునకు గడియ కారాదు.