కంప్యూటరు లోపలి పహాణీ

రాయచూరు జిల్లాలో సేద్యం చేసే ప్రతి ఇంట్లోనూ పహాణీ అన్న మాట వినిపిస్తుంది. ఏ సర్వే నంబరులో ఎంత భూమి ఉంది, అది ఎవరి పేర ఉంది, అందులో ఏ పంట వేశారు అన్న వివరాలు ఆ కాగితంలో ఉంటాయి. పూర్వం గ్రామ లెక్కలు చూసేవారు దానిని చేతితో రాసేవారు. 2000 తరువాత కర్ణాటక ప్రభుత్వం ‘భూమి’ పథకం కింద పహాణీలన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించింది. అయితే కంప్యూటరు డిస్కుకు కూడా ఒక పహాణీ ఉంటుందన్న సంగతి చాలామందికి తెలియదు. సింధనూరు ప్రాంతంలోని ఒక క్యాంపు బడిలో పనిచేసే తెలుగు మాస్టారుకు ఆ సంగతి ఒక చిక్కు వల్ల తెలిసింది.

తుంగభద్ర ఎడమ కాలువకు నీరు వచ్చాక కోస్తా జిల్లాల నుంచి అనేక రైతు కుటుంబాలు ఇక్కడికి తరలివచ్చాయి. నల్లరేగడి నేలలను చదును చేసి వరి పండించాయి. వారు వేసుకున్న గుడిసెల గుంపులకు క్యాంపులని పేరు వచ్చింది. గుడిసెలు పోయి మిద్దెలు లేచినా ఆ పేరు మాత్రం పోలేదు. అలా వచ్చిన పెద్దల జ్ఞాపకాలను మాస్టారు మూడేళ్లపాటు సేకరించారు. కొన్నిటిని టైపు చేశారు, కొన్నిటిని వీడియో తీశారు. చెప్పినవారిలో కొందరు ఇప్పుడు లేరు. ఆ సేకరణ అంతా బడిలోని పాత కంప్యూటరులోనే ఉంది.

వేసవి సెలవులు ముగిసి బడి తెరిచిననాడు ఆ కంప్యూటరు లేవలేదు. నల్లని తెరమీద బూట్ అయ్యే డిస్కు లేదన్న తెల్లని అక్షరాలు మాత్రం కనిపించాయి. బజారు నుంచి రిపేరు కుర్రవాడు వచ్చి చూశాడు.

“విండోస్ పోయింది సార్. ఫార్మాట్ కొట్టి కొత్తగా ఎక్కిస్తాను, సాయంత్రానికి ఇచ్చేస్తాను.”

“మరి అందులో ఉన్నవి?”

“అవి పోతాయి సార్.”

మాస్టారు ఒప్పుకోలేదు.

కంప్యూటరు మీట నొక్కగానే ముందుగా మేలుకొనేది విండోస్ కాదు. బోర్డు మీది చిప్‌లో ఉండే ఒక చిన్న ప్రోగ్రాము. పాత యంత్రాలలో దానిని బయాస్ అంటారు, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ. పాతది డిస్కు మొదట్లో ఉన్న 512 బైట్లను చదువుతుంది. అందులో 64 బైట్లే హద్దుల పట్టీ. ఒక్కొక్క భాగానికి 16 బైట్ల చొప్పున నాలుగు భాగాల వివరాలు అందులో పడతాయి. 1983లో ఐబీఎం పీసీలతో వాడుకలోకి వచ్చిన ఈ ఎంబీఆర్ పద్ధతి, మామూలు డిస్కులలో రెండు టెరాబైట్లకు మించి లెక్కించలేదు. కొత్తదైన జీపీటీ పద్ధతిలో సాధారణంగా 128 భాగాలకు చోటుంటుంది. పట్టీకి ఇంకొక ప్రతి డిస్కు చివర భద్రంగా ఉంటుంది. పాత పద్ధతిలో విండోస్ ఎక్కించిన డిస్కును కొత్త పద్ధతి మాత్రమే తెలిసిన యంత్రానికి తగిలిస్తే, తెలుగు రాని గుమాస్తాకు తెలుగు పహాణీ ఇచ్చినట్టే. కాగితం సరైనదే. హద్దులూ సరైనవే. చదవడమే కుదరదు.

ఇక్కడ జరిగింది అదే. దాని ఆనవాలు పట్టుకున్నది మాత్రం తొమ్మిదో తరగతి అమ్మాయి. “మాస్టారూ, ఈ తేదీ చూడండి. నేను రెండో తరగతిలో ఉన్నప్పటిది!” అంది. సెట్టింగుల తెరమీద గడియారం ఏళ్ల వెనక్కి పోయి ఉంది. కరెంటు లేనప్పుడు గడియారాన్నీ, సెట్టింగులనూ నిలిపి ఉంచడానికి బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. మూడు వోల్టులది, సీఆర్2032 అని దానిమీద రాసి ఉంటుంది. అది సెలవుల్లో అయిపోయింది. దానితో సెట్టింగులన్నీ కంపెనీ పెట్టిన మొదటి స్థితికి పోయాయి.

కుర్రవాడు బ్యాటరీ మార్చాడు. డిలీట్ మీట నొక్కి సెట్టింగులలోకి వెళ్లి, బూట్ పేజీలో లెగసీ అన్న పాత పద్ధతిని ఎంచి, డిస్కును వరుసలో మొదట పెట్టాడు. తేదీ సరిచేశాడు. విండోస్ లేచింది! (2021లో వచ్చిన విండోస్ 11 కొత్త పద్ధతినే కోరుతుంది కనుక అక్కడ ఈ ఉపాయం పనికిరాదు.)

ఫార్మాట్ చేసి ఉంటే ఏమయ్యేది? పహాణీ చింపినంత మాత్రాన పొలం మాయం కాదు. అలాగే పట్టీ చెరిగినా పాత రకం డిస్కులో అక్షరాలు చాలావరకు ఉన్నచోటనే ఉంటాయి, నిపుణులు వాటిని వెలికితీయగలరు. కాని ఆ పొలంలో మరొకరు ట్రాక్టరు దింపి దున్నితే పాత గట్లు మిగలవు. కొత్త విండోస్ ఎక్కించడం అలాంటి దున్నడమే. ఎస్ఎస్‌డీ డిస్కులలోనైతే ఆ మిగిలే ఆశ కూడా చాలా తక్కువ.

మాస్టారు వెంటనే అన్నిటినీ ఒక పెన్‌డ్రైవుకు కాపీ చేయబోయారు. ఒక పెద్ద వీడియో దగ్గర పని ఆగింది. ఖాళీ 20 జీబీకి పైగా ఉంది, ఫైలు ఐదు జీబీలే, అయినా ఎక్కనంటుంది. ఆ పెన్‌డ్రైవు ఫ్యాట్32 పద్ధతిలో ఉంది. ఆ పద్ధతిలో ఒక్క ఫైలు నాలుగు జీబీలను చేరకూడదు. గాదె ఎంత పెద్దదైనా తలుపు చిన్నదైతే పెద్ద బస్తా లోపలికి పోదు కదా! అప్పటిదాకా ఎక్కించినవి తప్ప అందులో వేరే ఏమీ లేవని చూసుకొని, ఈసారి మాస్టారే ఫార్మాట్ చేయమన్నారు. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మార్చి, మళ్లీ మొదటి నుంచి కాపీ చేశారు.

పెద్ద వీడియో సరిగా ఎక్కిందో లేదోనని పక్క గదిలోని కంప్యూటరులో తెరిచి చూశారు. మొదటిసారి తమ పొలానికి కాలువ నీళ్లు వచ్చిననాడు పసుపు కుంకుమ చల్లామని ఒక మామ్మ చెబుతోంది. ఆమె మనవరాలే ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి. తలుపు దగ్గర నిలబడి చివరిదాకా వింది.