చెవికి చేరవలసిన పుస్తకము

భారతములో అరణ్యపర్వమునందలి అష్టావక్రుని కథను మీలో పలువురు చదివియే యుందురు. వంకరలు తిరిగిన దేహముతో ఆ బాలుడు జనకుని సభకు వాదమునకై పోయినప్పుడు సభవారు నవ్విరని లోకులు చెప్పుదురు గాని, భారతకథలో అతని నడ్డగించినవాడు ద్వారపాలకుడు. బాలురకు ప్రవేశము లేదనుటయే వాడు చెప్పిన కారణము. లోపలనున్న వందిని గెలువగల విద్య యుండియు, అతడు ముందుగా వాకిటివానిని గెలువవలసి వచ్చెను.

నేటికిని వాదము వాకిలికడనే జరుగుచున్నది. మచిలీపట్టణము చేరువ సీతారామపురమున 1991లో చూపులేక జన్మించిన బొల్లా శ్రీకాంత్ పదవతరగతిలో మంచి మార్కులు తెచ్చుకొనియు, ఇంటర్మీడియెట్‌లో సైన్సు చదువుటకు అనుమతి పొందలేకపోయెను. న్యాయస్థానమునకు పోయి అనుమతి సాధించి, పాఠములను చెవితో విని చదివి, నూటికి 98 మార్కులు పొందెను. 2009లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున చేరెను. ఇతని కథ 2024లో హిందీ చలనచిత్రముగా కూడ వచ్చినది. అది చూచి కన్నీరు పెట్టిన మా ఇరుగుపొరుగువారే, తమ వీధిలోని పిల్ల సంగతి వచ్చునప్పటికి పెదవి విరచుచున్నారు.

మా గ్రామము ఖమ్మమునుండి భద్రాచలము పోవు దారిలో అడవి మొదలగు చోట నున్నది. నా భర్త ఇచ్చటి పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఆయన శిష్యురాలగు ఆ బాలికకు చూపు లేదు. ఇంటర్మీడియెట్ ముగిసినది, తెలుగు ప్రధానముగా బి.ఏ. చదువవలెనని కోరిక. చట్టమునకు లోటు లేదు. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రభుత్వ ఉన్నతవిద్యాలయములలోను, ప్రభుత్వసహాయము పొందువానిలోను నూటికి 5కు తక్కువ కాకుండ స్థానములు కేటాయింపవలెనన్నది. వయస్సులో 5 సంవత్సరముల సడలింపు నిచ్చినది. పరీక్షలో వ్రాసిపెట్టుటకు ఒకరి సహాయమును, గంటకు 20 నిమిషముల అదనపు కాలమును దొరకును. పుస్తకము మాత్రము చట్టము చెప్పినంతనే నోరు విప్పదు.

చూపులేని ఇరువురు ఆస్ట్రేలియా యువకులు 2006లో ఆరంభించిన ఎన్.వి.డి.ఎ. అను సాధనము కంప్యూటరు తెరమీది అక్షరములను చదివి వినిపించును. వెల లేదు, తెలుగును పలుకును. కాని పుటను ఫొటో తీసి పంపినచో దానికది బొమ్మయే గాని అక్షరము కాదు. ఇక ప్రాచీనపద్యమా, సంధి విడదీయక, యతి యెరుగక గడగడ చదివిపోవును. వినుటకు నాకే నవ్వు వచ్చును.

అందువలన రెండేండ్లుగా నేను రాత్రి వంటపని ముగిసిన పిదప ఆ బాలిక పాఠములను చదివి ఫోనులో ధ్వనిముద్రణము చేయుచున్నాను. మొదట పుటసంఖ్య చెప్పుదును. పద్యమును రాగము తీయక ఒకసారి పూర్తిగను, పదములు విడదీసి మరొకసారియు చదువుదును. పటము వచ్చినచో అందేమున్నదో చెప్పుదును. పొరుగూళ్ల గృహిణులు మరి నలుగురు పాఠములు పంచుకొనిరి. సిగ్నలు అందని దినములలో మెమరీకార్డును బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుకొందుము. ఒకరి పుస్తకము నిట్లు చదివి పంచుట తప్పగునేమోయని ఒకామె సందేహించినది. తప్పు కాదు. 2012లో సవరించిన కాపీరైటు చట్టము ఇట్టివారికై పుస్తకమును వినదగిన రూపమునకు మార్చుట కనుమతించినది. ఈ విషయమై 2013లో జరిగిన మర్రాకెష్ ఒడంబడికను అన్ని దేశములకంటె ముందుగా 2014లో ధ్రువపరచినది మన దేశమే.

"చెయ్యి పట్టుకొని నడిపించేవాళ్లెవరమ్మా ఆ ఖమ్మంలో?" అని బాలిక నాయనమ్మ నన్నడిగినది. మనుమడైనచో ఆ ప్రశ్న పుట్టియే యుండదని నా నమ్మకము. చూపులేని మగపిల్లలు హాస్టళ్లలో నుండి చదువుకొనుట ఆమె యెరుగనిది కాదు. ఆడపిల్లకు కళాశాల వాకిలికంటె ముందు ఇంటి వాకిలి యున్నది. దాని గడియ లోపలివైపుననే యుండును.

బాలిక ఊరకుండలేదు. "నడవడానికి కర్ర ఉంది నాయనమ్మా. చదివిపెట్టేవాళ్లే కావాలి. అత్తయ్యావాళ్లు చదువుతున్నారుగా!" అన్నది. ముసలామె చాలసేపు మాటాడలేదు. తుదకు హాస్టలు చూచివచ్చుట కొప్పుకొన్నది. చేర్చుటకు ఇంకను ఒప్పుకొనలేదు. సోమవారము ఉదయపు బస్సులో మువ్వురము పోవుచున్నాము. దారిలో వినుటకు బాలిక బి.ఏ. మొదటి పాఠము నడిగినది. అది ఈ రాత్రి చదువవలెను.