అరికాళ్ళకు చేరిన మందు

బ్రిస్బేన్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్ళంతా ఎండ మీద ఒకే జోకు వేస్తారు: రెంటచింతల చూసినవాడికి ఇక్కడి 32 డిగ్రీలు ఒక లెక్కా అని. ఇక్కడ చర్మానికి లెక్క డిగ్రీల్లో ఉండదు, అతినీలలోహిత కిరణాల సూచికలో ఉంటుంది. అది 3కి చేరితే టోపీ, క్రీము తప్పవంటారు. బ్రిస్బేన్‌లో చలికాలపు మధ్యాహ్నం కూడా అది 3కి చేరుతుంది. చొక్కా వేసుకో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో అని 1981 నుంచి ఈ దేశం పాట కట్టి మరీ చెబుతోంది.

మా పక్కింటి పెద్దాయన ఆ పాట రాకముందే పనిలో దిగినవాడు. చొక్కా విప్పేసి ఇళ్ళ పైకప్పులు వేస్తూ బతికాడు. వీపు మీది పుట్టుమచ్చ మెలనోమా అనే చర్మ కాన్సర్‌గా తేలింది. కోసి తీసేశారు, కానీ కొన్నాళ్ళకు ఊపిరితిత్తుల్లో కనబడింది. కణితిని పరీక్షిస్తే బీరాఫ్ అనే జన్యువులో మార్పు ఉంది. చర్మపు మెలనోమాల్లో దాదాపు సగం ఇలాంటివే. ఆ మార్పు వల్ల కణానికి పెరగమనే ఆజ్ఞ ఆగకుండా అందుతూనే ఉంటుంది. ఆ ఆజ్ఞను ఆపే మందుల్లో 2011లో వెమురాఫెనిబ్, 2013లో డబ్రాఫెనిబ్ అమెరికాలో అనుమతి పొందాయి. ఆయనకు రెండోది రాశారు. సెలైన్లు ఎక్కించుకునే పని లేదు, పూటకింత ఖాళీ కడుపుతో మింగడమే. నేను మందుల షాపులో ఫార్మసిస్టుని కాబట్టి పెట్టె తెరిచి ఎలా వేసుకోవాలో నేనే చెప్పాను. వీధంతా ఆయన అదృష్టాన్ని మెచ్చుకుంది.

స్కాన్‌లో మచ్చలు కరుగుతుంటే ఒంటి మీద కొత్త సంగతులు మొదలయ్యాయి. ముందు చేతుల మీద గరుకు, తర్వాత మెడ మీద పులిపిర్లు. అరికాళ్ళలో బరువు పడే చోటల్లా ఆనెకాయల్లాంటి పసుపుపచ్చ గట్టి చర్మం, దాని చుట్టూ ఎర్రటి మంట. చెత్తడబ్బా రోడ్డు మీదికి తోసుకెళ్ళడానికి కూడా నన్ను పిలవాల్సి వచ్చింది. డాక్టరు అడిగితే మాత్రం అంతా బాగుందనేవాడు. కాన్సర్ తగ్గుతుంటే కాళ్ళ గురించి గోల ఏమిటని ఆయన వాదన. ఇలా ఓర్చుకునే మనిషి మన ఇళ్ళలోనూ ఉంటాడు. ఆ ఓర్పుని మెచ్చుకోవడం నాకు చేతకాదు.

ఎందుకంటే ఆ పులిపిర్లలో ఒకటి పొలుసుకణ కాన్సర్. మెలనోమాకు వేసుకున్న మందే మరో చర్మ కాన్సర్‌ను లేపింది. బీరాఫ్ మామూలుగా ఉండి, ఏళ్ళ తరబడి ఎండకు రాస్ అనే జన్యువు చెడిపోయిన కణాల్లో ఈ మందు ఆజ్ఞను ఆపకపోగా ఇంకా ఎగదోస్తుంది. పైకప్పుల మీద బతికినవాడికి అలాంటి కణాలకు కొదవేముంది! అదృష్టవశాత్తూ వీటిని చిన్న కోతతో తీసేసి మందు కొనసాగించవచ్చు. తర్వాత ఆజ్ఞ దారిలో ఒక మెట్టు కింద అడ్డుకునే ట్రామెటినిబ్ జత చేశారు. అప్పటినుంచి పులిపిర్లు తగ్గాయి. బదులుగా మొటిమల్లాంటి పొక్కులు, గోరుచుట్లు, ఉన్నట్టుండి జ్వరాలు వచ్చాయి. మొదటి మందుతో రాలి పల్చబడ్డ జుట్టు మాత్రం ఉంగరాలు తిరిగి మొలిచింది. ఆయన భార్యకు అది తెగ నచ్చింది.

పల్నాడు నుంచి వచ్చిన మా అమ్మ గోడ మీంచి ఆయన చేతులు చూసి, పసుపు, శెనగపిండి కలిపి నలుగు పెట్టుకోమని చెప్పమంది. నేను నమస్కారం వరకే అనువదించాను. ఈ చర్మాన్ని రుద్దకూడదు. ఘాటు సబ్బు కూడా వద్దు. ఆయన అరికాళ్ళకు పనికొచ్చినవి యూరియా కలిసిన క్రీము, మెత్తటి అట్ట వేసిన వదులు బూట్లు, పాదాల నిపుణుడి దగ్గర గట్టి చర్మం తీయించుకోవడం. వెమురాఫెనిబ్ వాడేవాళ్ళకు ఇంకో చిక్కుంది: కారు అద్దంలోంచి వచ్చే ఎండ కూడా నిమిషాల్లో కాల్చేస్తుంది. ఇక్కడ డ్రైవరు సీటు కుడివైపు కాబట్టి కుడిచేయి ముందు బలి. పొడుగు చేతుల చొక్కా ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే వేసుకోవాలి.

ఇంత బాధ దేనికంటారా? డబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ కలిపి వాడిన 563 మంది వివరాలు 2019లో వెలువడ్డాయి. ఐదేళ్ళకు 34 శాతం మంది బతికి ఉన్నారు. ఒకప్పుడు వ్యాపించిన మెలనోమాకు నెలల్లో మాట్లాడేవారు. పెద్దాయన ఇప్పుడు లేడు, కానీ ఆ మాత్రలు ఆయనకు మనవరాలి పెళ్ళి చూపించాయి. పెళ్ళిలో నిలబడగలిగింది మాత్రం అరికాళ్ళు బాగు చేయించుకున్నాకే.

మన చర్మానికి మెలనోమా రాదనుకోకండి. అరుదే, కానీ మనలాంటివాళ్ళలో అది ఎక్కువగా అరికాలిలో, అరచేతిలో, గోటి కింద దాక్కుంటుంది. వాటిలో బీరాఫ్ మార్పు తక్కువ కాబట్టి ఈ మాత్రలు పనికొచ్చేది కొందరికే.

మీ ఇంట్లో ఎవరైనా ఇవి వాడుతుంటే వారానికోసారి అరికాళ్ళు, వీపు, మెడ మీరే చూడండి. కొత్త పులిపిరి కనిపిస్తే ఫోటో తీసి నర్సుకు పంపండి. జ్వరం 38 డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేసి ఊరుకోకుండా అదే రోజు ఆంకాలజీ విభాగానికి ఫోన్ చేయండి. ఒళ్ళంతా బొబ్బలు, నోట్లో పుళ్ళు వస్తే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి. మందు ఎన్నాళ్ళు ఆపాలో, మళ్ళీ ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో డాక్టర్లకు పద్ధతులున్నాయి, మీరు చెబితేనే వాళ్ళకు తెలిసేది.