మొదటి ఎత్తు ఏది మంచిదో ఇంజన్ చెప్పగలదా?

ఈ వారం ప్రాక్టీసు వ్యాసానికి సైన్స్ అండ్ టెక్నాలజీ వైపు నుంచి ఒక విషయం తీసుకున్నాను. కృత్రిమ మేధ గురించి అందరూ రాసే వ్యాసమే మనమూ రాస్తే, రాసినవాళ్లకీ దిద్దేవాళ్లకీ ఒరిగేదేమీ ఉండదు. అందుకని ఒక చిన్న ప్రశ్న పట్టుకుంటున్నాను. చదరంగంలో తెల్లపావులతో ఆడేవాళ్లకి అన్నిటికన్నా మంచి మొదటి ఎత్తు ఏది? కంప్యూటర్‌ని అడిగితే తేలిపోతుందా? ఆట రానివాళ్లు కూడా చదవొచ్చు. చివరికి మనందరి తలనొప్పి, అదే ఆప్షనల్ దగ్గరికే వస్తాం.

ముందు లెక్క చూద్దాం. తెల్లవాళ్లకి మొదటి ఎత్తుగా 20 అవకాశాలున్నాయి. ఎనిమిది బంట్లలో ఒక్కోటి ఒక గడి గానీ రెండు గడులు గానీ ముందుకెళ్లొచ్చు, అవి 16. రెండు గుర్రాలకి రెండేసి చొప్పున మరో 4. (పాత దేశీ పద్ధతిలో బంటు మొదటిసారైనా ఒక గడే కదులుతుంది. అంటే మన ముత్తాతల ఆటలో ఈ ప్రశ్నకి జవాబు వేరేగా ఉండేది.) ఇద్దరూ చెరో ఎత్తు వేసేసరికి 400 స్థితులు. అక్కడినుంచి లెక్క చేయి దాటిపోతుంది. క్లాడ్ షానన్ 1950లో రాసిన వ్యాసంలో, ఆడగలిగే ఆటల సంఖ్యని 1 పక్కన 120 సున్నాలుగా అంచనా వేశాడు.

ఈ ఇరవైలో గట్టి పోటీ నాలుగింటి మధ్యే. ఇ4 అంటే రాజు ముందున్న బంటుని రెండు గడులు జరపడం. డి4 అంటే మంత్రి ముందున్న బంటుని అలా జరపడం. మిగతా రెండూ సి4, గుర్రాన్ని ఎఫ్3లో పెట్టడం. వీటిలో ఏది గొప్పదో తేల్చేశామని చెప్పినవాళ్లు కంప్యూటర్ల కన్నా ముందే ఉన్నారు. వీవర్ ఆడమ్స్ అనే అమెరికన్ ఆటగాడు 1939లో ఒక పుస్తకమే రాశాడు. ఇ4 వేస్తే తెల్లవాళ్లు గెలిచి తీరాలన్నది అతని వాదన. అరవై ఏళ్ల తర్వాత, 1999లో, హాన్స్ బెర్లినర్ మరో పుస్తకం రాసి, కాదు, డి4యే అన్నాడు. బెర్లినర్ ఆషామాషీ మనిషి కాదు. ఉత్తరాల ద్వారా ఆడే చదరంగంలో ప్రపంచ చాంపియన్, పైగా కంప్యూటర్ శాస్త్రవేత్త. కంప్యూటర్ చదరంగంలో ‘హొరైజన్ ఎఫెక్ట్’ అనే మాట పుట్టించింది కూడా ఆయనే. యంత్రం తను చూడగలిగినంత దూరమే చూస్తుంది. దానికి ఒక్క ఎత్తు అవతల ప్రమాదం ఉన్నా, లేదనే అనుకుంటుంది. ఆ సంగతికి పేరు పెట్టిన మనిషే మొదటి ఎత్తు దగ్గర నిలబడి చివరిదాకా కనిపిస్తోందన్నాడంటే నాకు నవ్వొస్తుంది.

నేను కూడా అడిగి చూశాను. స్టాక్‌ఫిష్ ఉచితం, ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ లేకుండానే నడుస్తుంది. ఇది అండమాన్‌లో చిన్న విషయం కాదు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున ఆప్టికల్ ఫైబర్ కేబుల్ వచ్చేదాకా మాకు నెట్ అంటే ఉపగ్రహం దయ. (కేబుల్ పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, ప్రిలిమ్స్ కోసం రాసుకోండి.) మిన్నీ బేలో మా ఇంట్లో ఒక రాత్రి ఇంజన్‌ని ఐదు లైన్లు చూపించేలా పెట్టి పడుకున్నాను. మధ్యలో కరెంటు పోయింది. బ్యాటరీ ఉన్నంతసేపు నడిచింది.

ఇంజన్ పని చేసే తీరు సులువుగానే అర్థమవుతుంది. నేనిది వేస్తే వాడు అది, దానికి నేను ఇది, అంటూ ఒక చెట్టు గీసుకుంటూ పోతుంది. ఒక కొమ్మలో ఎదుటివాడికి గట్టి జవాబు ఒక్కటి దొరికితే చాలు, ఆ కొమ్మలో మిగతావి చూడకుండా వదిలేస్తుంది. కొమ్మ చివర స్థితిని తూచి ఒక అంకె ఇస్తుంది. 2020లో వచ్చిన స్టాక్‌ఫిష్ 12 నుంచి ఆ తూచే పనికి న్యూరల్ నెట్‌వర్క్ వాడుతున్నారు. లోతు 30 అంటే ఇద్దరివీ కలిపి 30 ఎత్తులు.

నాకు కనిపించింది ఇదీ. కొంత లోతు దాకా ఇ4 ముందుంది. ఆ తర్వాత డి4 పైకొచ్చింది. మళ్లీ ఇ4. నాలుగు మంచి ఎత్తుల మధ్య తేడా దశాంశం తర్వాత రెండో అంకెలో. వెర్షన్ మారిస్తే వరుస మారింది. ఒక్క జి4 విషయంలో మాత్రం ఏ లోతులో అడిగినా, ఏ వెర్షన్‌ని అడిగినా ఒకటే మాట: వద్దు. చెడ్డదాన్ని పట్టుకోవడంలో యంత్రానికి తడబాటు లేదు. మంచివాటిలో మంచిది ఏదంటే మాత్రం రాత్రంతా మాట మారుస్తూనే ఉంది.

ఇంతకీ ఆ అంకెకి అర్థమేమిటి? 2022 చివర్లో వచ్చిన స్టాక్‌ఫిష్ 15.1 నుంచి దానికి నిర్వచనం మారింది. +1 అంటే, తనంత బలమైన ప్రత్యర్థి మీద తను గెలిచే అవకాశం 50 శాతం అని. మొదటి ఎత్తుల దగ్గర వచ్చే అంకె అందులో మూడో వంతు చుట్టుపక్కల ఉంటుంది. ‘తనంత బలమైన ప్రత్యర్థి’ అన్న మాటని వదిలేయకండి. ఆ అంకె స్టాక్‌ఫిష్‌కీ స్టాక్‌ఫిష్‌కీ మధ్య ఆట గురించి. మీ గురించీ నా గురించీ కాదు.

వాళ్లిద్దరి మధ్య ఆటేమో దాదాపు ఎప్పుడూ డ్రాయే. ఇంజన్ల మధ్య జరిగే టీసీఈసీ పోటీల్లో మామూలు మొదటి స్థితి నుంచి ఆడిస్తే డ్రాలే వస్తాయని, నిర్వాహకులే ఒక పక్కకి మొగ్గిన ప్రారంభాలు ఎంచి ఇస్తారు. రెండు ఇంజన్లూ ఒకసారి తెల్లతో, ఒకసారి నల్లతో అదే స్థితిని ఆడాలి. అంటే అత్యంత బలమైన ఆటగాళ్ల నుంచి మొదటి ఎత్తు ఎంచుకునే హక్కునే తీసేశారు. చెకర్స్ అనే ఆటని జొనాథన్ షేఫర్ బృందం 18 ఏళ్లు కష్టపడి 2007లో పూర్తిగా ఛేదించింది. ఇద్దరూ తప్పు చేయకపోతే డ్రా అని తేలింది. చదరంగంలో ఇప్పటికి పూర్తిగా తెలిసింది బోర్డు మీద ఏడు పావులు మిగిలిన స్థితుల దాకా. ఆట మొదలయ్యేది 32తో. ఆ ఏడింటి జవాబులకే సుమారు 18 టెరాబైట్లు కావాలి.

ఆల్ఫాజీరో కథ ఇంకా బాగుంటుంది. 2017 డిసెంబరులో డీప్‌మైండ్ ప్రకటించిన ఈ ప్రోగ్రాంకి నియమాలు తప్ప మనుషుల ఆటలేవీ చూపించలేదు. తనతో తనే ఆడుకుని నేర్చుకుంది. ఏ ప్రారంభాన్ని ఎంత తరచుగా ఆడిందో పరిశోధకులు గ్రాఫులుగా ఇచ్చారు. ఇ4కి నల్లవాళ్ల జవాబుల్లో ఒకటైన ఫ్రెంచ్ డిఫెన్స్‌ని అది కొంతకాలం ఇష్టంగా ఆడి, బలం పెరిగేకొద్దీ వదిలేసింది. దాంతో ఫ్రెంచ్ పని అయిపోయిందని చాలామంది అన్నారు.

2024 నవంబరు 25, సింగపూర్. ప్రపంచ చాంపియన్‌షిప్ మొదటి గేమ్. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ ఇ4 వేశాడు. డింగ్ లిరెన్ ఫ్రెంచ్ ఆడాడు, నల్లపావులతో గెలిచాడు. యంత్రం వదిలేసిన డిఫెన్స్ అది! మూడో గేమ్‌లో గుకేశ్ డి4తో మొదలుపెట్టాడు. ఇంట్లో సిద్ధం చేసుకున్న ఎత్తుల్ని చకచకా వేస్తుంటే డింగ్ ఒక్కోదానికీ ఆలోచిస్తూ కూర్చున్నాడు. చివరికి గడియారంలో సమయం అయిపోయి ఓడాడు. పదకొండో గేమ్‌లో గుకేశ్ గుర్రాన్ని ఎఫ్3లో పెట్టి గెలిచాడు. పన్నెండులో డింగ్ సి4తో గెలిచాడు. డిసెంబరు 12న పద్నాలుగో గేమ్, సమంగా ఉన్న ముగింపులో డింగ్ ఏనుగుని తప్పు గడిలో పెట్టడంతో కిరీటం చేతులు మారింది. నాలుగు మొదటి ఎత్తులూ ఒకే మ్యాచ్‌లో వచ్చాయి. ఇద్దరి దగ్గరా అవే ఇంజన్లున్నాయి.

మరి అంత పెద్ద బృందాలు ఇంజన్ ముందు నెలల తరబడి కూర్చుని ఏం చేస్తాయి? గుకేశ్‌కి సాయపడినవాళ్లలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఉన్నాడు. ఫ్రెంచ్ మీద ఆన్‌లైన్ కోర్సు చేసింది కూడా అతనే. ఈ స్థాయి తయారీలో ఇంజన్ మొదటి వరుసలో చూపించే ఎత్తుకి పెద్ద విలువ లేదు, అది ఎదుటి బృందానికీ కనిపిస్తుంది. మూడోదో నాలుగోదో అయి, కాస్త మాత్రమే తక్కువై, ఎదుటివాడు చదవని స్థితికి తీసుకెళ్లే ఎత్తు కోసం వెతుకుతారు. ఇంజన్ అక్కడ చేసేది కాపలా పని: ఇది వేస్తే మునిగిపోం అని భరోసా ఇవ్వడం.

మా వీధిలో పదో తరగతి చదివే శ్రీకాకుళం వాళ్లబ్బాయి ఒకడున్నాడు. బయట హిందీ, ఇంట్లో తెలుగు, ఫోన్లో చదరంగం. వాడు కింగ్స్ గ్యాంబిట్ ఆడతాడు. అంటే రెండో ఎత్తులోనే ఒక బంటుని ఎర వేస్తాడు. ‘ఇంజన్ నల్లకే మొగ్గు అంటోంది కదరా’ అన్నాను. ‘అన్నా, నాతో ఆడేది ఇంజన్ కాదు కదా’ అన్నాడు. మాటలో పస ఉంది. వాడి స్థాయి ఆటల డేటాబేస్ తెరిస్తే ఆ ప్రారంభంతో తెల్లవాళ్లు బాగానే గెలుస్తున్నారు. కాకపోతే ఆ డేటాబేస్ అంకెని కూడా గుడ్డిగా నమ్మలేం. ఒక ప్రారంభానికి గెలుపు శాతం ఎక్కువ కనిపిస్తే, అది మంచిదవడం వల్లా, బాగా ఆడేవాళ్లే దాన్ని ఎంచుకోవడం వల్లా? అంకెలో ఆ రెండూ కలిసిపోయి ఉంటాయి.

ఆప్షనల్ సంగతీ ఇదే. యూపీఎస్సీ వార్షిక నివేదికలో ఏ ఆప్షనల్‌తో ఎంతమంది రాశారు, ఎంతమంది ఎంపికయ్యారు అన్న పట్టిక వస్తుంది. దాన్నుంచి శాతాలు తీసి, అశోక్‌నగర్ నుంచి టెలిగ్రాం గ్రూపుల దాకా అందరూ ‘బెస్ట్ ఆప్షనల్’ ప్రకటిస్తుంటారు. మెడికల్ సైన్స్ తీసుకునేది డాక్టర్లు. ఆ శాతం చూసి మెకానికల్ బీటెక్ చేసిన నేను అటు దూకితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పట్టికని ఇంజన్‌లాగే వాడుకోవచ్చు. మన చదువుకీ మిగిలిన సమయానికీ జి4 లాంటివి ఏవో ముందు తీసేయడానికి పనికొస్తుంది. మిగిలిన మూడు నాలుగింటిలో రెండో దశాంశం తేడా కోసం కొట్టుకోవడం దండగ.

నాకు మిగిలినవి రెండు: మెకానికల్, ఆంత్రోపాలజీ. చెరో పదిహేను రోజులు పెట్టుకుని, పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని రాశాను. మెకానికల్‌లో తెలిసిన లెక్కలే అయినా మూడు గంటల్లో పేపరు పూర్తవలేదు. ఆంత్రోపాలజీలో మొదటి వారం చేతిలో ఏమీ లేదు, రెండో వారానికి జవాబులు పేజీ నిండాయి, పేపరు సమయానికి ముగిసింది. పేపర్-2లో భారతీయ గిరిజనుల భాగం పెద్దది. దేశంలో ప్రత్యేకంగా బలహీన గిరిజన సమూహాలుగా గుర్తించిన 75లో ఐదు మా దీవుల్లోనే ఉన్నాయి: గ్రేట్ అండమానీస్, జరావా, ఓంగే, సెంటినలీస్, షోంపెన్. ఢిల్లీలో కోచింగ్ తీసుకునేవాడికి ఇవి నోట్సులో ఐదు పేర్లు. నాకు చిన్నప్పటినుంచీ ఇంట్లో, బడిలో, స్థానిక పేపర్లో వింటున్న పేర్లు.

ఫారంలో ఆంత్రోపాలజీ అని నింపాను. ఈ నెల షోంపెన్ల మీద, గ్రేట్ నికోబార్ మీద నోట్సు తయారుచేస్తున్నాను. పూర్తయ్యాక ఇక్కడే పెడతాను.