మునివేళ్ల మీద ముచ్చట్లు

మీ ఇంట్లో పది, పదకొండేళ్ల అమ్మాయి ఉందా? బ్యాలే క్లాసుకి వెళుతోందా? అయితే ఆ పోరు ఈపాటికే మొదలై ఉంటుంది. "అమ్మా, నాకు పాయింట్ షూస్ ఎప్పుడు?" పొద్దున పాలు తాగుతూ ఒకసారి, కారెక్కి ఒకసారి, రాత్రి దుప్పటి కప్పుకున్నాక మళ్లీ ఒకసారి. పాయింట్ షూస్ అంటే మునివేళ్ల మీద నిలబడి ఆడడానికి వేసుకునే గట్టి జోళ్లు. న్యూజెర్సీ, డాలస్ వైపు మనవాళ్లలో పిల్లని కూచిపూడికీ బ్యాలేకీ కలిపి పంపే తల్లులున్నారు చూడండి, వాళ్లకి రెండు పోర్లు. అక్కడ గజ్జెపూజ ఎప్పుడని, ఇక్కడ పాయింట్ ఎప్పుడని. పాపం.

ఎందుకంత మోజంటారా? అదేం ప్రశ్నండీ! ఆ శాటిన్ మెరుపు చూశారా? కాలి చుట్టూ ఆ రిబ్బన్లు? 1832లో పారిస్ ఆపెరాలో మారీ టాగ్లియోని అనే నర్తకి ‘లా సిల్ఫీడ్’ కోసం మునివేళ్ల మీద లేచి నిలబడితే జనం వెర్రెత్తిపోయారు. ఆవిడ కాళ్లకున్నవి ఇప్పటి గట్టి జోళ్లు కూడా కావు. మెత్తని శాటిన్ జోళ్లు, కొసన సూదీదారంతో దట్టంగా కుట్టుకున్నవి. రష్యాలో ఆవిడ వాడేసిన జోళ్లని అభిమానులు కొనుక్కెళ్లి, వండించి, సాసు పోసుకుని తిన్నారని ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. మీ అమ్మాయి ఉత్తినే అడుగుతోందంతే. నయం కాదూ?

సరే, ఎప్పుడు? "పన్నెండేళ్లకి" అనేస్తారు అందరూ. నృత్యకారుల ఆరోగ్యం చూసే వైద్యులు 2009లో ఇచ్చిన సూచనల్లోనూ 12 ఏళ్ల లోపు వద్దనే ఉంది. అక్కడే ఆగి చదవడం మానేస్తాం మనం. ఆ తర్వాతే ఉంది అసలు మెలిక. వారానికి ఒక్క క్లాసుకి వెళ్లే పిల్లకి పాయింట్ వద్దనే చెప్పండన్నారు. రెండు క్లాసులైతే, మిగతావన్నీ బాగుంటే, శిక్షణ నాలుగో ఏట మొదలుపెట్టొచ్చట. వారానికి ఒక్క రోజు, అదీ ఎవరిదీ పుట్టినరోజు పార్టీ లేకపోతే వెళ్లే మా వీధి పిల్లలకి ఈ సంగతి ఎవరు చెబుతారు? నేను చెప్పను బాబూ.

ఇంకో తమాషా. అందరూ వేళ్లకేసి చూస్తారా, టీచరు మాత్రం పొట్టకేసి చూస్తుంది! పొట్టలో, నడుములో పట్టు లేని పిల్ల ఒళ్లంతా వేళ్ల మీదకి జారేస్తుంది. పట్టున్న పిల్ల పైకి లాక్కుని నిలబడుతుంది. అంత చిన్న కొసన నిలబడాలంటే సత్తువ పైనెక్కడో ఉండాలన్నమాట.

దీనికో పరీక్ష ఉంది. పేరు విమానం. ఒంటికాలి మీద నిలబడి, నడుం ముందుకి వంచి, రెండో కాలు వెనక్కి చాపాలి. ఇప్పుడు నిలబడ్డ మోకాలిని వంచుతూ చేతులు నేలకి తగిలించి మళ్లీ లేవాలి. అయిదుసార్లు. కనీసం నాలుగుసార్లు మోకాలు లోపలికి వాలకుండా పాదానికి సూటిగా ఉండాలి. మీరూ ఒకసారి చేసి చూడండి... అయ్యో, ముందు పక్కనున్న బల్ల జరపండి! ఇంకోటి, ఒంటికాలి మీద 16 గెంతులు. వాటిలో సగమైనా శుభ్రంగా రావాలి.

మడమ వెనక్కి, వేళ్లు కిందికి చాచినప్పుడు పాదం మోకాలి కింది ఎముకకి సూటిగా రావాలి కూడా. రాకపోతే జోడు కొసమీదికి ఎక్కడమే కుదరదు. అలాగని విల్లులా వంగిపోయే పాదాలున్నాయే, అందరూ ఈర్ష్యపడేవి, ఆ పిల్లలే ఇంకొన్నాళ్లు ఆగాలి. అంత సాగే చీలమండని పట్టి ఉంచడానికి అంత బలమూ కావాలిగా. అందమైన పాదాలున్నందుకు ఆలస్యమా? అన్యాయమే మరి.

పైగా ఈ వయసులోనే పిల్లలు ఉన్నట్టుండి జానెడు పెరుగుతారు. ఎముకలు ముందు పరుగెడతాయి, కండరాలు వెనక ఈడ్చుకుంటూ వస్తాయి. పోయినేడు చక్కగా నిలబడ్డ పిల్ల ఈ ఏడు తూలుతుంది. కొన్నాళ్లు ఆగుదామంటుంది టీచరు. ఇంట్లో ఏడుపులు.

అప్పుడు తీస్తారు తల్లులు బ్రహ్మాస్త్రం: మిస్టీ కోప్‌లండ్. 13వ ఏట బ్యాలే మొదలుపెట్టి మూడు నెలల్లో పాయింట్ ఎక్కింది, 2015లో అమెరికన్ బ్యాలే థియేటర్లో ప్రిన్సిపల్ అయింది, మరి మా పిల్లకేం తక్కువ? తక్కువేం లేదమ్మా. ఆ టీచరు విని విని ఉంటుంది, అంతే. చిరునవ్వు నవ్వి ఊరుకుంటుంది.

(మగపిల్లలకి మామూలుగా ఈ గొడవ లేదు. కానీ ఫ్రెడరిక్ ఆష్టన్ 1964లో కూర్చిన ‘ది డ్రీమ్’లో గాడిద తల తగిలించుకున్న బాటమ్ అనే పాత్ర పాయింట్ మీదే ఆడతాడు. గిట్టల్లా కనబడాలని! ఎప్పుడైనా దొరికితే వదలకండి.)

సరే, టీచరు ఊఁ అంది. ఇక షాపు. అక్కడ మన తెలివితేటలేవీ చెల్లవు. "ఒక సైజు పెద్దదివ్వండి, రెండేళ్లొస్తాయి" అన్నారో, అమ్మేవాళ్లు గుండె పట్టుకుంటారు. వదులైతే పాదం లోపలికి జారి వేళ్ల మీద పడుతుంది. అక్కవి చెల్లెలికా? అదీ కుదరదు. ఒకరి పాదానికి వంగిన జోడు ఇంకొకరికి పనికిరాదు. అన్నట్టు కొత్త జోళ్లలో కుడీ ఎడమా ఉండవు, రెండూ ఒకటే. పైన శాటిన్, లోపల గుడ్డా కాగితమూ జిగురుతో అతికించిన పొరలు. దానికి వంద డాలర్ల చుట్టుపక్కల!

అంత పోసి కొన్నాక ఏం చేస్తారో తెలుసా? అడుగు అట్ట విరిచేస్తారు. చప్పుడు తగ్గాలని కొసని నేలకేసి బాదుతారు. తలుపు సందులో పెట్టి నొక్కేవాళ్లూ ఉన్నారు. పెద్ద డాన్సర్లయితే ఒక్క ప్రదర్శనకే ఒక జోడు తినేస్తారు. మీ అమ్మాయికి మాత్రం మొదట్లో క్లాసు చివర పది, పదిహేను నిమిషాలే. బారు అనే కమ్మీ పట్టుకుని, రెండు కాళ్ల మీద లేవడం, దిగడం. "ఇంతేనా?" అని మొహం వేలాడేస్తుంది. వేలాడేయనివ్వండి.

రిబ్బన్లు కుట్టి ఇవ్వరు, ఎవరివి వాళ్లే కుట్టుకోవాలి. మామూలు దారం తెగిపోతుందని చాలామంది డెంటల్ ఫ్లాస్‌తో కుడతారు. కాబట్టి ఇంట్లో ఫ్లాస్ డబ్బాలు వరసగా ఖాళీ అవుతుంటే, పిల్లకి పళ్ల మీద శ్రద్ధ పెరిగిందని అత్తగారికి ఫోన్ చేసి చెప్పేయకండి.