మణికట్టు చెప్పిన పాఠము

ఇరువది సంవత్సరములకు పైగా నల్లబల్లపై వ్రాయుటయే నా వృత్తి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మా గురువులు మాకు మొట్టమొదట నేర్పినది బల్లపై అక్షరములను గుండ్రముగను, వరుస తప్పకను వ్రాయుట. నాటినుండి నా దస్తూరిని గూర్చి నాకు కొంత గర్వము కలదు. గత వర్షాకాలమున ఆ గర్వమునకు దెబ్బ తగిలెను. దానివలన నేను నేర్చుకొనినది మన విద్యార్థులకును తలిదండ్రులకును ఉపకరించునని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

హైటెక్ సిటీలో ఉద్యోగము చేయుచున్న మా తమ్ముని చూచుటకై ఒక శనివారము సాయంకాలము బయలుదేరితిని. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి మాదాపురమును నేనెరుగుదును. నాడు బండలును తుప్పలును ఉన్నచోట నేడు అద్దాల మేడలు నిలిచియున్నవి. 2019 నుండి రాయదుర్గము వరకు మెట్రో బండియు నడచుచున్నది. నేను బండి దిగి, వాన పెద్దదగునేమోయని వడివడిగా నడచుచు, తడిసిన కాలిబాటపై కాలుజారి ముందుకు పడితిని. పడునప్పుడు ఎవరైనను చేయునట్లే కుడి అరచేయి నేలకు ఆనించితిని. శరీరభారమంతయు మణికట్టుపై పడెను.

ఎక్సరేలో ఎముక విరుగలేదని తేలుటచే సంతోషించి, మందు పూసుకొని, గుడ్డ చుట్టుకొని పది దినములు గడపితిని. వాపు తగ్గెను గాని నీళ్ల చెంబు ఎత్తలేకపోతిని. తలుపు గడియ త్రిప్పినచో లోపల టక్కుమని శబ్దమగుచుండెను. మా అమ్మ, “పుత్తూరు పోయి కట్టు కట్టించుకో నాయనా” అని పట్టుపట్టెను. వెదురుబద్దలతో కట్టు పుత్తూరు కట్టు తెలుగునాట అందరెరిగినదే. కాని విరిగినదేదో, తెగినదేదో ముందు తెలియవలెను గదా యని చేతి వైద్యనిపుణునొకరిని చూచితిని.

ఆయన బొటనవ్రేలి మొదట ఎముకను నొక్కి, మణికట్టును ప్రక్కకు వంచగనే నేను కేకవేసితిని. పిమ్మట ఎమ్మారై తీయించి ఇట్లు తెలిపెను: మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు కలవు. వానిలో పడవవంటిదానిని స్కేఫాయిడ్ అనియు, చంద్రవంకవంటిదానిని ల్యూనేట్ అనియు అందురు. ఈ రెంటిని కలిపి పట్టియుంచు సంధిబంధనము, అనగా లిగమెంటు, కొంత చినిగినది. ఎక్సరేలో ఎముకలే గాని ఇది కనబడదు. పూర్తిగా తెగి ఎముకలు ఎడమైనచో తరచుగా శస్త్రచికిత్స కావలసివచ్చును. ఉపేక్షించినచో కొన్ని యేండ్లకు కీలు అరిగిపోవును. నాది కొంతమాత్రమే చినుగుటచే స్ప్లింటుతో చక్కబడవచ్చునని చెప్పెను.

కొండాపురములో ఒక ఫిజియోథెరపిస్టు గట్టి ప్లాస్టికు రేకును వేడినీటిలో మెత్తబరచి, నా ముంజేతిపై అచ్చుగా వంచి స్ప్లింటు చేసెను. వ్రేళ్లు కదలుటకు వీలుండెను. మణికట్టు మాత్రము కదలకుండెను. ఆరు వారములు ధరింపుమనిరి.

ఆ దినములలో బల్లపై వ్రాయుటకు తొమ్మిదవ తరగతిలోని యొక బాలుని పిలిచితిని. వాని దస్తూరిని నేను పలుమారు నిందించియుంటిని. మొదటి దినమున వాని చేయి వణకెను. అక్షరములు కొండయెక్కి దిగెను. మూడవ వారమునకు నాకు నొప్పి తగ్గెను. వాని వ్రాత చూచి ఓర్వలేక ఒకనాడు స్ప్లింటు విప్పి, సుద్దముక్క లాగుకొని నేనే బల్ల నిండ వ్రాసితిని. ఆ రాత్రి నొప్పిచే నిద్ర లేదు. “నొప్పి తగ్గుట వేరు, బంధనము అతుకుట వేరు” అని థెరపిస్టు మందలించెను.

ఆరు వారములైన పిదప దీనికి విరుద్ధమైన తప్పు చేసితిని. స్ప్లింటు తీయుమనిరి, నేను భయపడి తీయనైతిని. చేయి కొయ్యవలె బిగిసికొనెను. అప్పుడు థెరపిస్టు క్రొత్త సంగతి చెప్పెను. కదలిక లేనిచో కీలు బిగియును, కండ చిక్కును. మితమైన లాగుడు తగిలినచో క్రొత్తగా పుట్టు పోగులు సరియైన దిక్కున పేర్చుకొనును. అయితే ఏ కదలికయైనను పనికిరాదు. చిన్న బాణమును గురికి విసరువాని చేయి బొటనవ్రేలి వైపు వెనుకకు లేచి, చిటికెనవ్రేలి వైపు ముందుకు వంగును. సుత్తితో మేకు కొట్టునప్పుడును అంతే. ఆ దారిని పోవునప్పుడు గాయపడిన ఆ రెండెముకలు మిక్కిలి తక్కువగా కదలును; కదలిక ముఖ్యముగా వాని ముందున్న వరుసలో జరుగును. అందుచే నాచేత ముందుగా ఆ కదలికనే, కొలదికొలదిగా చేయించిరి. గట్టిగా పిడికిలి బిగించుట, అరచేయి ఆనించి లేచుట చాలకాలము నిషేధించిరి. ప్రతి చేతికిని ఈ గడువులొక్కటి కావు, వైద్యుడే నిర్ణయింపవలెను.

అచ్చట నావలె వేచియున్నవారిలో బండిపై ఆహారము చేరవేయుచు పడిన యువకుడును, కంప్యూటరు ఉద్యోగులును ఉండిరి. వారికి థెరపిస్టు పుల్లెల గోపీచంద్ గారి కథ చెప్పుచుండెను. 1994లో మోకాలి బంధనము తెగి శస్త్రచికిత్సల పాలైన ఆయన 2001లో ఆల్ ఇంగ్లండు బాడ్మింటను విజేతయయ్యెను. ఆయన శిక్షణాలయము ఆ సమీపముననే గచ్చిబౌలిలో కలదు.

నేను మరల బల్లయొద్దకు పోయిన దినమున బాలుడు సుద్దముక్కను నా చేతికీయ వచ్చెను. వాని అక్షరములు అప్పటికి వరుసలో నిలుచుచుండెను. ఇన్ని మాసములు తరగతిలోనుండినను నా చేయి చెడువరకు వానికి బల్ల నీయనైతిని గదా యని నాకు సిగ్గు కలిగెను. తొందరపడి విప్పుట నా చేతికి చేటు చేసెను. భయపడి బిగించియుంచుటయు చేటే చేసెను. పిల్లల విషయమున నేను చేసినది రెండవ తప్పు.

“సగము నీవు వ్రాయుము, సగము నేను వ్రాసెదను” అంటిని. నేటికిని మా తరగతిలో అట్లే జరుగుచున్నది.