"నార్మల్" రిపోర్టుతో వచ్చే చిక్కు

లాగ్‌లో ఎర్రర్ లేనంత మాత్రాన బగ్ లేదని మనలో ఎవరం ఒప్పుకోం. కానీ "ఎక్స్‌రే నార్మల్" అనగానే హమ్మయ్య అనేసుకుంటాం. పసిపిల్లల వెన్నెముకకి ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఆ హమ్మయ్యతోనే చిక్కు.

నేను డాక్టర్ని కాను, కోడు రాసుకుని బతికేవాణ్ణి. మా టీమ్‌లో ఒకాయన రెండున్నరేళ్ళ కూతురు ఉన్నట్టుండి నడవడం మానేసింది. కూర్చోబెడితే ఏడుపు, పడుకోబెడితే నిమ్మళం. జ్వరం కూడా పెద్దగా లేదు. "ఎక్కడ నొప్పి తల్లీ" అంటే పొట్ట చూపించేది. కాలు, తుంటి, నడుము... అన్ని ఎక్స్‌రేలూ నార్మలే. అమ్మమ్మగారు దిష్టి కూడా తీశారు. చివరికి ఎమ్మారై తీస్తే తేలింది, వెన్నుపూసల మధ్య డిస్కులో ఇన్ఫెక్షన్ అని. యాంటీబయాటిక్స్ పడ్డాక కొద్ది వారాల్లో మళ్ళీ పరుగులే.

ఎక్స్‌రే అబద్ధం చెప్పలేదండీ. డిస్కు సన్నబడటం అందులో కనపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఎమ్మారైలో ముందే తెలుస్తుంది. ఈఎస్సార్, సీఆర్పీ లాంటి మామూలు రక్తపరీక్షలు కూడా అనుమానాన్ని బలపరుస్తాయి. ఇంట్లో గమనించదగ్గది ఒకటుంది. కింద పడ్డ బిళ్ళ తీసుకోమంటే పిల్ల నడుము వంచకుండా, మోకాళ్ళు మడిచి కూర్చుని తీస్తోందా? అయితే వెన్ను చూపించాల్సిందే.

మన దేశంలో ఇంకోటి కూడా గుర్తుంచుకోవాలి, టీబీ. ఇది నెమ్మదిగా ముదురుతుంది. బరువు తగ్గడం, నిద్రలో ఉలిక్కిపడి ఏడవడం, వీపు మీద చిన్న గూను. సూదితో కాస్త ముక్క తీసి సీబీనాట్, కల్చర్ చేస్తే ఏ మందుకి లొంగుతుందో కూడా తెలుస్తుంది. మందులు కనీసం ఏడాది వాడాలి, ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. 1970లలో మొదలైన మద్రాసు ట్రయల్స్ లాంటివి ఈ సంగతి తేల్చాయి.

అయితే మందుల కోర్సు పూర్తయితే పని అయిపోయినట్టేనా? కాదు. కోయంబత్తూరు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ 61 మంది పిల్లల్ని 15 ఏళ్ళపాటు గమనించి 2001లో ఫలితాలు ప్రచురించారు. జబ్బు నయమయ్యాక కూడా 39 శాతం మందిలో వెన్ను వంపు ఎదుగుదల ఆగేదాకా పెరుగుతూనే పోయింది. 44 శాతం మందిలో తగ్గింది. ఎవరిది పెరుగుతుందో ముందే చెప్పే గుర్తులు నాలుగు ఎక్స్‌రేలోనే ఉంటాయని కూడా ఆయన చూపించారు. అంటే మొదట్లో ఏమీ చెప్పలేకపోయిన ఆ ఎక్స్‌రేయే తర్వాత్తర్వాత బాగా పనికొస్తుందన్నమాట.

కాబట్టి పిల్ల నడవనంటే "మొండికేస్తోంది" అని తేల్చెయ్యకండి. ఎక్స్‌రే నార్మలైనా నడక రాకపోతే "ఎమ్మారై అవసరమా?" అని డాక్టర్ని అడగండి. వెన్ను టీబీకి మందులు అయిపోయాక ఫైలు అటకెక్కించకండి. పిల్ల ఎదుగుదల ఆగేవరకు ఫాలో-అప్ తేదీలు క్యాలెండర్లో ఉండాల్సిందే.